పడుకోబెట్టావా, బావా?

మా అత్త ఇంట్లో దీపం ఆరదు, కొండెక్కుతుంది. బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. మెడలో తాడు తెగదు, పెరుగుతుంది. కొట్టు మూయరు, కట్టేస్తారు. గడప దాటేవాళ్లు వెళ్తామనరు, వెళ్లొస్తామంటారు. ఇవన్నీ మన ఇళ్లల్లో ఉన్న మాటలే. కాకపోతే వేరేవాళ్లు నోరు జారితే నాలిక కరుచుకుని ఊరుకుంటారు. మా అత్త ఊరుకోదు, ఆ మాట వెనక్కి తీసుకుని మంచి మాట పలికేదాకా మనల్ని కదలనివ్వదు.

ఆవిడకు కారణం ఉంది. మా మావయ్య ఒక పొద్దున బొబ్బిలిలో టేకు దుంగలు చూడటానికి బయల్దేరుతూ, బస్సు వచ్చేస్తోందన్న తొందరలో "వెళ్తన్నానే" అని వెళ్లిపోయాడు. తిరిగి రాలేదు. అక్కడి డిపోలో దుంగ మీద చెయ్యి వేసి బేరమాడుతూనే గుండె ఆగి పడిపోయాడు. డాక్టరు ఏం చెప్పినా మా అత్త మటుకు ఆయన్ని తీసుకుపోయింది ఆ మాటే అంటుంది. "వస్తానని నోటితో అనుంటే వచ్చేవోడే" అని ఇప్పటికీ గోడకేసి చూస్తూ అంటుంది.

నేను ఆవిడకు కోడలినే కాదు, ఆడపడుచు కూతురిని కూడా. ఈ మాటలు వింటూనే పెరిగాను. పైగా పుట్టు పిరికిదాన్ని. గ్యాసు కట్టేశానా లేదా అని సగం దారిలోంచి వెనక్కి వచ్చే రకం. ఇంట్లో నా భయాల మీద జోకులు వేసుకుని కడుపు నింపుకుంటారు. వేసుకోనీ.

గజపతినగరంలో రాయగడ వెళ్లే రోడ్డు మీద మాది ప్లైవుడ్, తలుపుల కొట్టు. కొట్టు వెనక రేకుల షెడ్డు, షెడ్డు పక్కనే మా వంటిల్లు. మా బావ, అంటే మా ఆయన, మేనరికం కాబట్టి పెళ్లికి ముందూ బావే, తర్వాతా బావే, విశాఖపట్నంలో ఎవరో అమ్మేస్తుంటే చెక్క మీద బొమ్మలు చెక్కే మిషను ఒకటి తెచ్చి ఆ షెడ్డులో పెట్టాడు. మంచమంత బల్ల, దాని మీద అటూ ఇటూ నడిచే ఇనప దూలం, ఆ దూలానికి వేలాడే మోటారు, మోటారు కింద గిర్రున తిరుగుతూ చెక్కను తొలిచే బిట్టు. పక్కన ఒక పాత కంప్యూటరు. దేవుడి గది తలుపు మీద లక్ష్మీదేవి కావాలంటే కంప్యూటరులో బొమ్మ పెట్టి మీట నొక్కితే మిషనే చెక్కుతుంది. డిగ్రీలో కంప్యూటర్లు చదివిన పాపానికి ఆ కంప్యూటరును నా మెడకు చుట్టారు. మిషను బావది, కంప్యూటరు నాది.

ఆ మోటారంటే నాకు మొదటిరోజు నుంచీ భయమే. చేతి ఉలి అయితే మనిషి ఆగితే ఆగుతుంది. దీనికి మనిషితో పనిలేదు. ముతక బిట్టు తీసి సన్న బిట్టు పెట్టాలంటే బావ రెండు స్పానర్లు తీసుకుని, ముఖం మోటారు దగ్గరగా పెట్టి, రెండు చేతులూ బిట్టు చుట్టూ వేసి తిప్పుతాడు. ఆ పని జరుగుతున్నంతసేపూ నేను షెడ్డులో ఉండలేను.

"ఆ ఎర్ర బొత్తాం నొక్కి మార్చు బావా. మోటారుకి కరెంటు పోతాది" అనేదాన్ని.

"అది నొక్కితే బిట్టు ఎక్కడిదాకా సెక్కిందో మిషను మర్సిపోతాది. మళ్లీ మొదటికొస్తాది. నీ భయానికి నా పని పాడుసేసుకోమంటావేటే?" అనేవాడు.

పైగా ఆయనకొక పద్ధతి ఉండేది. ఈ ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. వచ్చాక ఆ పాత కంప్యూటరు లేవడానికి చాలాసేపు పడుతుంది. అది లేచేలోపు ఊరికే కూర్చోవడమెందుకని ఆ ఖాళీలో బిట్టు మార్చేసేవాడు. "అది కళ్లు నులుముకునేలోపు నా పనైపోతాది" అని గొప్పగా చెప్పుకునేవాడు కూడా.

రాయగడ వాళ్లకు తలుపు చెక్కుతున్నప్పుడు మొదటి దెబ్బ తగిలింది. లక్ష్మీదేవి ముఖం సగం తేలింది. అంతలో దూలం ఒక్క క్షణం ఆగినట్టు ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు పక్కకు దూకింది. అమ్మవారి కంటి కిందనుంచి చెవిదాకా లోతుగా గాడి పడింది. మా అత్త చెంపలు వేసుకుని, వెంటనే నిమ్మకాయలూ మిరపకాయలూ తెచ్చి దూలానికి కట్టింది. కంప్యూటరు తెరకు బొట్టు పెట్టింది. నేను బొట్టు తుడవకుండానే, మాకు మిషను బిగించిన మనిషికి ఫోను చేశాను.

"కంప్యూటరు ఆ టైములో వేరే పని మీదుంటాది మేడం. మోటారుకి అందాల్సిన సిగ్నలు ఆలస్యమైతే అలాగే దూకుతాది. అక్కర్లేని సర్వీసులన్నీ ఆపేసెయ్యండి" అన్నాడతను.

"ఏవి అక్కర్లేనివి?"

"మీకేవి అక్కర్లేదో అవే మేడం" అని ఫోను పెట్టేశాడు. ఈ మాత్రం సలహా మా ఇంటి ఎదురుగా ఇస్త్రీ బండాయన కూడా ఇస్తాడు.

సర్వీసులంటే తెర మీద కనబడకుండా, మనం అడక్కుండా, వెనకాల తమ పని తాము చేసుకుపోయే చిన్న చిన్న ప్రోగ్రాములు. వాటి పేర్లన్నీ కనిపించే చోటు తెరిచి చూశాను. చూస్తూ కిందికి వెళ్తూనే ఉన్నాను. ఈ కంప్యూటరులో మేము పెట్టిన చెక్కుడు ప్రోగ్రాము ఒక్కటే పని చేస్తోందనుకున్నాను ఇన్నాళ్లూ. ఒక సంత నడుస్తోంది అందులో. ఒకటి మేమెక్కడున్నామో కనిపెట్టి చెబుతుందట. ఒకటి చుట్టుపక్కల ఫోన్లను వెతుకుతుందట. ఒకటి మా బొమ్మలన్నిటినీ తిరగేసి గుర్తు పెట్టుకుంటుందట. ఇంకొకటి, ఎక్కడో దూరాన కూర్చున్నవాడెవడైనా ఈ కంప్యూటరును నడిపించడానికి దారి ఇస్తుందట. ఆ వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదివాను. ఈ కంప్యూటరు చెప్పినట్టు తిరిగే బిట్టు దగ్గర మా బావ చేతులుంటాయి.

అయినా ఆపడం కూడా భయమే. ఏది ఏదాన్ని ఆనుకుని ఉందో తెలియదు. ఒకదాన్ని ఆపబోతే, దీన్ని ఆపితే ఇవి కూడా ఆగిపోతాయి, సరేనా అని అడుగుతుంది. సరేనో కాదో నాకేం తెలుసు? మౌసు మీద వేలు పెట్టి దేవుడా అనుకుంటూ కూర్చునేదాన్ని. ఒకటి ఆపడం, కంప్యూటరును మళ్లీ లేపడం, పనికిరాని చెక్క మీద మిషను నడిపి చూడటం, బాగుంటే ఇంకొకటి ఆపడం. అలా చాలా రోజులు నడిచింది.

ఒకరోజు మా అత్త వెనక నిలబడి, "ఏటి సేస్తన్నావే అంతసేపు?" అంది.

"అక్కర్లేనివన్నీ ఆపేస్తన్నాను అత్తా."

"ఆ మాటనకు. యాపారం సేసుకునే సోట ఆపడాలు, ఆర్పడాలు ఏటి? పడుకోబెడతన్నానను."

పడుకోబెడుతున్నానన్నాను. అనేదాకా వదలదు కదా. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక్కొక్కటీ పడుకోవడం మొదలుపెట్టాయి. ఫ్యాను పడుకుంది, టీవీ పడుకుంది, నీళ్ల మోటారు పడుకుంది. బావకు ఆ మాట తెగ నచ్చింది. "మా అమ్మని కూడా కాసేపు పడుకోబెట్టే మీట ఉంటే సూడే" అని ఆవిడ వినేటట్టే అనేవాడు.

సర్వీసులు తగ్గాక దూలం దూకడం మానేసింది. లక్ష్మీదేవులు నిండు ముఖాలతో వస్తున్నారు. నాకు మాత్రం ఇంకొక భయం పట్టుకుంది. కంప్యూటరు లేచేటప్పుడల్లా మోటారు గుర్రుమని కాస్త తిరిగి ఆగేది. ఎవరూ ఏమీ నొక్కకుండానే. బావ చాలాకాలంగా చూస్తున్నాడట. "ఒళ్లు ఇరుసుకుంటాది, అంతే" అన్నాడు. ఆయన బిట్టు మార్చేది సరిగ్గా అప్పుడే.

దాని సంగతి తెలుసుకోవడానికి ఎంత చదివానో! మిషను తీగ కంప్యూటరు వెనక పెట్టిన చోటు, పూర్వం ప్రింటరు పెట్టుకునే చోటట. మాకు ప్రింటరు లేదు. ఆ సంగతి ప్రింటరు సర్వీసుకు తెలియదు. కంప్యూటరు లేచిన ప్రతిసారీ అది ఆ తీగను తట్టి, ప్రింటరూ ఉన్నావా అని అడుగుతుంది. ఆ పిలుపు మోటారు స్విచ్చికి చేరుతుంది. తిరగమని చెప్పారనుకుని మోటారు తిరుగుతుంది.

"నువ్వు సేతులు పెట్టే టైములోనే అది తీగని తడుముతాది బావా" అన్నాను.

"తడమనీ. దానికి లేని సిగ్గు నాకెందుకు?" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఆ సర్వీసును ఆపి, మళ్లీ ఎప్పటికీ మొదలవ్వకుండా కట్టేశాను. తర్వాత కంప్యూటరును లేపి, మోటారు ముందు నిలబడి విన్నాను. చప్పుడు లేదు. మళ్లీ లేపాను. లేదు. షెడ్డులో చెక్కపొట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఎందుకేడుస్తున్నావని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర పెద్ద కారణమేమీ లేదు.

అయితే ఒకటి మిగిలింది. కంప్యూటరుకు కొత్త మార్పులు తెచ్చి తగిలించే సర్వీసు. బావ కొత్త డిజైన్ల కోసం అప్పుడప్పుడూ దానికి ఫోను నుంచి నెట్ ఇచ్చేవాడు, ఆ సందులోంచి అది తన సరుకు తెచ్చుకునేది. దాన్నీ ఆపాను. కొన్నాళ్ల తర్వాత ఎందుకో అనుమానమొచ్చి చూస్తే అది మళ్లీ నడుస్తోంది. నేను ఆపినదాన్ని ఎవరూ ముట్టుకోలేదు, తనంతట తనే లేచి కూర్చుంది. మళ్లీ ఆపాను. మళ్లీ లేచింది. నిమ్మకాయలకు నవ్వుకున్న నేను, ఆ రోజు వాటిని కొత్తవి మార్చమని మా అత్తతో నేనే అన్నాను.

బావకు చెబితే, "పడుకున్నది లేవదేటి? లేస్తాది" అన్నాడు. అదేదో ఎగతాళి అనుకున్నాను.

నాకు తోచిన ఉపాయం ఒక్కటే. అది లేస్తే లేవనీ, కంప్యూటరులో అసలు ప్రాణమే లేకపోతే ఏం చేస్తుంది? అందుకని బిట్టు ముట్టుకునే ముందు కంప్యూటరును పడుకోబెట్టి తీరాలని బావ చేత నా నెత్తి మీద ఒట్టు వేయించుకున్నాను. ఒట్టంటే బావకు భయం. అప్పటినుంచి తప్పకుండా చేశాడు. రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక ఆయన షెడ్డులోకి వెళ్లేవాడు. నేను వంటింట్లోంచి అరిచేదాన్ని.

"పడుకోబెట్టావా, బావా?"

"పడుకోబెట్టేను."

అప్పుడు గాని నేను గిన్నెలు కడగడానికి కూర్చునేదాన్ని కాదు.

ఆ రోజు వాన ముసురు పట్టి ఉంది. బావ తిని వెళ్లాడు. నేను అడిగాను, ఆయన చెప్పాడు. చారు గిన్నె కడుగుతున్నాను. మోటారు లేచిన చప్పుడు వినబడింది. బావ నడిపించినప్పుడు అది నెమ్మదిగా మొదలై పైకి వెళ్తుంది. ఇది ఒక్కసారిగా కీచుమంది. ఆ వెంటనే ఇనుము దేన్నో కొట్టిన చప్పుడు. ఆ తర్వాత బావ అరుపు వినబడాలి. వినబడలేదు. నాకు అన్నిటికన్నా భయమేసింది ఆ వినబడకపోవడానికే. గిన్నె చేతిలోనే ఉంది, పరిగెత్తాను.

బావ నేల మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ చెయ్యి తువ్వాలులో చుట్టి కడుపుకు అదుముకున్నాడు. తువ్వాలు ఎర్రబడుతోంది. పైన మోటారు తిరుగుతూనే ఉంది. ఆయన వెనకున్న ప్లైవుడ్ దొంతిలో, ఆయన తల ఉండే ఎత్తున, ఒక స్పానరు సగందాకా దిగి ఉంది. ఎర్ర బొత్తాం బల్లకు అవతలి వైపు, బిట్టు దాటి వెళ్లాలి. కంప్యూటరు తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. వాటి కింద రాసి ఉంది, మార్పులు జరుగుతున్నాయి, కంప్యూటరును ఆపవద్దు అని.

నేను దాన్ని చదివి నిలబడిపోయాను. బావ నెత్తురు కారుతూ నా ముందుంటే, ఆపవద్దన్న మాట చదివి నిలబడ్డాను. భయస్థులకు రాసిన మాటంటే అంత గౌరవం. చారు గిన్నె మాత్రం గట్టిగా పట్టుకున్నాను.

మా అత్త గుమ్మంలోకి వచ్చింది. "ఏటే, ఏటయినాది? ఏటి సెయ్యాలే?"

"ఆర్పేయత్తా!" అని అరిచాను. "ఆర్పేయ్!"

ఆవిడ నన్నొక చూపు చూసింది. గుమ్మం పక్కనే ప్లగ్గుల బోర్డు. కంప్యూటరు తీగా మోటారు తీగా రెండూ కలిపి పిడికిట పట్టి లాగింది. బోర్డు సగం ఊడి వచ్చింది.

"సావు!" అంది. నా పుట్టుక నుంచీ ఆవిడ నోట వినని మాట. "సావే, సావు!"

మోత తగ్గుతూ తగ్గుతూ ఆగింది. రేకుల మీద వాన చప్పుడు మిగిలింది. ఆ తువ్వాలు విప్పమని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. అందులో ఎన్ని వేళ్లున్నాయో తెలియనంతసేపూ అన్నీ ఉన్నట్టే కదా అనుకున్నాను. మా అత్త ఆయన ముందు గొంతుక్కూర్చుని, "సూపించు నాయనా" అని తనే విప్పింది. ఒక్కొక్క వేలూ పట్టుకుని కదిపి చూసింది. అన్నీ ఉన్నాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అరచెయ్యి చీలి మణికట్టుదాకా తెరుచుకుంది.

ఆసుపత్రికి ఆటోలో వెళ్తుంటే బావ పెదాలు తెల్లగా ఉన్నాయి. "నీమీదొట్టు, పడుకోబెట్టేనే" అన్నాడు. "రోజూ పడుకోబెడతన్నాను. అక్కడ రాసే ఉన్నాది కదే, స్లీప్ అని. అదే నొక్కుతన్నాను. లేపితే ఎక్కడి పని అక్కడే ఉంటాది, బాగున్నాది కదా అనుకున్నాను."

ఆటో గతుకుల్లో ఎగురుతోంది. నాకు మెల్లగా అర్థమైంది. మా ఇంట్లో ఫ్యాను పడుకుంటే ఆగినట్టు. కంప్యూటరు పడుకుంటే నిజంగానే పడుకున్నట్టు. తెర నల్లబడుతుంది, చప్పుడుండదు, లోపల ఒక చెవి తెరిచే ఉంటుంది. ఆ మార్పుల సర్వీసు దానికి తోచిన వేళకు దాన్ని లేపింది. లేచిన కంప్యూటరు తనను తాను మళ్లీ మొదలుపెట్టుకుంది. మొదలయ్యేటప్పుడు ఆ తీగలోకి కరెంటు వచ్చింది, నేను లేపి చూసినప్పుడు మోటారు కదలనంత తక్కువసేపు వచ్చిపోయినది ఈసారి మార్పులు జరుగుతున్నంతసేపూ పోలేదు. అది ప్రింటరు సర్వీసు పని కాదు, అసలు ఆ యంత్రం పుట్టుకే అంత. నేను ఎన్ని ఆపినా ఏం లాభం? రోజూ పడుకోబెట్టావా అని అడిగి, పడుకోబెట్టానని విని, నిశ్చింతగా గిన్నెలు కడుక్కున్నాను. ఆ మధ్యాహ్నాలన్నిటిలోనూ బావ చేతులు, పడుకుని ఉన్న ఒకదాని నోట్లో ఉన్నాయి. జరిగినదాని కంటే జరగకుండా పోయిన ఆ రోజులంటేనే నాకు ఇప్పటికీ ఎక్కువ భయం.

కుట్లు మానాయి. బొటనవేలు పూర్తిగా వంగదు గాని స్పానరు పట్టుకుంటుంది. నెట్ కంప్యూటరు దరిదాపులకు రానివ్వను. వారానికొకసారి ఆ పేర్లన్నీ తెరిచి, ఆపినవి ఆపినట్టే ఉన్నాయా, ఏదైనా లేచిందా అని చూస్తాను. ఏమీ లేవకపోయినా భయంగానే ఉంటుంది.

మా అత్త ఇంట్లో ఇప్పటికీ దీపం కొండెక్కుతుంది, బియ్యం నిండుకుంటాయి, బావ కొట్టు ముందు మెట్టు దిగినా వెళ్లొస్తాననే దిగాలి. ఆ ఒక్క మిషను దగ్గర మాత్రం వేరే. మధ్యాహ్నం బావ బిట్టు మార్చడానికి లేవగానే ఆవిడా లేస్తుంది. మోకాళ్ల నొప్పులతో షెడ్డుదాకా వెళ్లి, రెండు ప్లగ్గులూ తన చేత్తోనే పీకుతుంది.

"సచ్చింది. ఇప్పుడు మార్సుకో" అంటుంది.

బావ పని ముగించి, స్పానర్లు కింద పెట్టి, రెండు చేతులూ ఎత్తి వేళ్లు విప్పి చూపించేదాకా ఆవిడ ఆ ప్లగ్గులు పిడికిట్లోంచి వదలదు. నేను గుమ్మంలో నిలబడి ఆ వేళ్లు చూసుకుని, అప్పుడు వెళ్లి గిన్నెలు కడుగుతాను.